సమస్య: ‘ఓడిపోని యోడ నొడ్డు కాల్చె’

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. వస్తువు ‘ఎరో’ అనే ఫ్రెంచి యుద్ధనౌక. మన సినిమా హీరో అన్న మాటే, ఫ్రెంచివాళ్లు హకారం మింగేస్తారు. 74 ఫిరంగులు. 1778లో ఫ్రాన్సు దక్షిణ తీరంలోని తూలోన్ రేవులో నీళ్లలోకి దిగింది. ఫ్రెంచి నౌకాదళ నాయకుడు సుఫ్రెన్ దీని మీదే హిందూ మహాసముద్రానికి వచ్చాడు. దారిలో 1781 ఏప్రిల్‌లో కేప్ వర్డ్ దీవుల్లోని పోర్టో ప్రాయా దగ్గర ఇంగ్లీషువాళ్లతో పోరు. 1782లో ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూస్‌తో సద్రాస్, ప్రొవిడియెన్, నాగపట్నం, ట్రింకోమలీ దగ్గర పోరు, 1783 జూన్‌లో కడలూరు. 1793 డిసెంబరులో తూలోన్‌లోనే తగలబడింది. కానివ్వండి.

గౌతమిగట్టు:
ఆరు పోరులందు నలుపెరుంగని నావ
పుట్టినింటి రేవు పొరుగు చేతఁ
జిక్క, వారు రాత్రి చిచ్చుఁబెట్టి చనిరి
ఓడిపోని యోడ నొడ్డు కాల్చె.

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘చనిరి’ తర్వాత ‘ఓడి’ విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశారు. ‘చనఁగ’ అంటే ‘నోడిపోని’ అని కలిసిపోతుంది, గణమూ (లఘుగురువుల లెక్క) చెడదు. ‘నలుపెరుంగని’ దగ్గర మాత్రం ‘అలుపు’ కాస్తా సంధిలో ‘నలుపు’ అయి, ఓడకు తారు పూయలేదేమో అనిపించి నవ్వొచ్చింది. తప్పేం కాదు, ఉంచండి.

నల్లసిరా:
కొయ్య విరిగి జెండ కూలినన్ సుఫ్రెను
మరల నెత్తుఁడనుచు మండిపడియె
కడలి నిట్లు నెగ్గి కన్నవారిని జేర
నోడిపోని యోడ నొడ్డు కాల్చె.

ట్రింకోమలీలో పెద్ద తెరచాప కొయ్య జెండాతో సహా కూలితే, లొంగిపోయారనుకుని ఇంగ్లీషువాళ్లు కేకలేశారట. ‘జెండాలు తెండి, ఓడ చుట్టూ కట్టండి’ అని సుఫ్రెన్ అరిచాడంటారు.

నిర్వాహకుడు: ‘మండిపడియె’ నాకు నచ్చేసింది. మంట రెండో పాదంలోనే అంటుకుంది. ‘నెగ్గి’తోనే పేచీ. ఆ రోజు ఎవరూ నెగ్గలేదు. ఓడిపోకపోవడం వేరు, నెగ్గడం వేరు. ‘నిల్చి’ అనండి, గణం అదే.

కొత్తకలం: గురువుగారూ, ఒక్క పాదమే కుదిరింది. ‘నాల్గు మీఁద డెబ్బది ఫిరంగుల బలము’. గణాలు మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను, ఇంకా టెన్షన్‌గానే ఉంది.

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) తప్పింది. ‘నా’కు ‘ది’ ఎక్కడ కలుస్తుంది? ‘డెబ్బదియును నాల్గు ఢీకొను పిడుగులు’ అని చూడండి. ఫిరంగి మాట పోయినా మోత మిగిలింది. మిగతా పాదాలు మీవే.

నల్లసిరా: ‘నిల్చి’ సరేనండీ. గౌతమిగట్టు గారికో మాట. రేవు ‘చిక్కింది’ అన్నారు. యుద్ధంలో చిక్కలేదు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం మీద తిరగబడిన ఊరివాళ్లే 1793 ఆగస్టులో రేవును, ఓడలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. డిసెంబరులో ఆ ప్రభుత్వపు గణతంత్ర సేన కోటల్ని పట్టుకునేసరికి (ఫిరంగుల దగ్గర కుర్ర నెపోలియన్) ఇంగ్లీషువాళ్లు పోతూ పోతూ నిప్పు పెట్టారు. మీ పద్యంలో కాల్చింది పొరుగువాడు. ఒడ్డు ఊరికే చూస్తోంది.

గౌతమిగట్టు: నిజమే. రెండు, మూడు పాదాలు తిరగరాశాను.

ఆరు పోరులందు నలుపెరుంగని నావ
పుట్టినింటివారె పొరుగుచేతఁ
బెట్ట, వారు రాత్రి పెట్టిన నిప్పుతో
నోడిపోని యోడ నొడ్డు కాల్చె.

నిర్వాహకుడు: ఇప్పుడు ఒడ్డు కర్త అయింది. ‘బె’కు ‘పె’ యతి, సంధీ కుదిరాయి. నలుపు మాత్రం అలాగే ఉంచారు.