అప్‌డేట్: హాకీ మ్యాచ్‌లో విన్న పాట దొరికింది, 'సౌత్ డెట్రాయిట్' మాత్రం దొరకదు

కిందటి నెల ఇక్కడే అడిగాను: డెట్రాయిట్‌లో రెడ్ వింగ్స్ మ్యాచ్‌కి వెళితే ఏదో పాట పెట్టారు, 'సౌత్ డెట్రాయిట్' అన్న మాట రాగానే సౌండ్ ఆపేశారు, స్టేడియమంతా ఆ లైన్ అరిచింది. ఏ పాట, ఆ ఏరియా ఎక్కడ అని.

"పియానోతో మొదలవుతుందా?" అని అడిగినవారికి థ్యాంక్స్. అదే. జర్నీ బ్యాండ్ 1981లో తెచ్చిన 'డోంట్ స్టాప్ బిలీవిన్'. గూగుల్‌లో ఎంత వెతికినా నాకు తగలకపోవడానికి కారణం ఉంది. పాట పేరున్న పల్లవి మూడు నిమిషాలు దాటితే గానీ రాదు, నేను విన్నది మొదటి ముక్కే!

ఇక ఏరియా సంగతి. డౌన్‌రివర్ శివార్లు అయ్యుండొచ్చని ఎవరో అంటే ఒక శనివారం కారేసుకుని తిరిగొచ్చాను, పెట్రోలు దండగ. డౌన్‌టౌన్‌కి దక్షిణాన ఉన్నది నది, అది దాటితే కెనడాలోని విండ్సర్. పలకడానికి బాగుందని పెట్టుకున్నానని గాయకుడు స్టీవ్ పెర్రీయే ఒప్పుకున్నాడట. లేని పేటకి ఊరంతా గొంతు కలపడం నాకు భలే నచ్చింది.

టీవీ సీరియల్ కోసం చేసిన పాటేమో అన్న నా అనుమానం కూడా తప్పే. అప్పట్లో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో 9వ స్థానం దాకా వెళ్ళిన పాట ఇది. 2007లో 'ది సొప్రానోస్' సీరియల్ ఆఖరి సీనులో, 2009లో 'గ్లీ' సీరియల్‌లో వాడాక కొత్త తరం పట్టుకుంది.