స్పైన్‌కి కాపీలు తీసే పని అప్పగించాలా, వద్దా?

నైట్‌షిఫ్ట్_నాని:
మాది 40 లీఫ్‌ల (సర్వర్లు తగిలించే స్విచ్‌ల) వీఎక్స్‌ల్యాన్ ఫ్యాబ్రిక్, అంటే ఐపీ నెట్‌వర్క్ మీద టన్నెళ్లతో వేసిన నెట్‌వర్క్. లీఫ్‌లన్నిటినీ కలిపేవి స్పైన్ స్విచ్‌లు. ఎవరి వెనక ఏముందో లీఫ్‌లు రూట్లుగా చెప్పుకోడానికి పైన ఈవీపీఎన్. బ్రాడ్‌కాస్టైనా మల్టీకాస్టైనా ఇప్పటిదాకా ఇంగ్రెస్ రెప్లికేషనే, అంటే సర్వర్ తగిలించిన లీఫే మిగతా 39 మందికీ తలా ఒక కాపీ తీసి పంపుతుంది. ఏఆర్‌పీ లాంటి చిన్నాచితకా ఉన్నంతకాలం ఎవరికీ తెలియలేదు. మొన్న వీడియో టీమ్ వాళ్లు 300 ఎంబీపీఎస్ స్ట్రీమ్ ఒకటి వదిలారు. అప్‌లింక్ గ్రాఫ్ చూసి గుండె ఆగినంత పనైంది: 11.7 జీబీపీఎస్. దాన్ని చూసే సర్వర్లేమో మూడంటే మూడు! స్పైన్లకి రెప్లికేటర్ రోల్ (లీఫ్ బదులు కాపీలు తీసే పని) ఇద్దామని మా ఆర్కిటెక్ట్ గారి పట్టు. స్పైన్‌కి ఐపీ తప్ప ఇంకేమీ తెలియకూడదనే కదా ఇన్నాళ్లూ చెప్పుకున్నాం?

పిమ్_పాతకాపు:
అండర్‌లేలో, అంటే టన్నెళ్ల కింది ఐపీ నెట్‌వర్క్‌లో, పిమ్ అనే మల్టీకాస్ట్ రూటింగ్ పెట్టుకుంటే ఈ గొడవే లేదు. 2014లో వీఎక్స్‌ల్యాన్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7348 రాసినప్పుడే వీఎన్‌ఐకి (ఒక్కో వర్చువల్ నెట్‌వర్క్ నంబరుకి) ఒక మల్టీకాస్ట్ గ్రూప్ అన్నారు. ఏ లింక్ మీదైనా ఒక్క కాపీయే వెళ్తుంది.

నైట్‌షిఫ్ట్_నాని:
వీఎన్‌ఐలు కోటీ 60 లక్షల పైచిలుకు ఉండొచ్చు, స్విచ్‌లో మల్టీకాస్ట్ ఎంట్రీలు అన్ని ఎక్కడివండీ? పది వీఎన్‌ఐలని ఒకే గ్రూప్‌లో కుక్కితే, తనది కాని ట్రాఫిక్ కూడా లీఫ్ దగ్గరకొచ్చి చస్తుంది. పైగా అర్ధరాత్రి ఆర్‌పీ (పిమ్‌లో పంపేవాళ్లూ వినేవాళ్లూ కలిసే రూటర్) డీబగ్ చేసేది మీరు కాదు, నేను.

లీఫ్_వకీలు:
ఆర్కిటెక్ట్ గారిది మరీ కొట్టిపారేసే మాటేం కాదు. 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9574 చెప్పేది అదే. లీఫ్ ఒక్క కాపీ పంపుతుంది, మిగతావి రెప్లికేటర్ తీస్తుంది. దానికి రెండు ఐపీలు: ఒకదానికొస్తే మామూలు ప్యాకెట్, రెండోదానికొస్తే పంచిపెట్టాల్సింది. ఎవరి రోల్ ఏంటో ఈవీపీఎన్‌లో ప్రతి లీఫూ ప్రకటించే టైప్ 3 రూట్‌లోనే తెలుస్తుంది, ఇదేమీ అర్థం కాని పాత లీఫ్ తన పద్ధతిలో తను పోతుంది. కాకపోతే రెప్లికేటర్ టన్నెల్ విప్పాలి, అంటే స్పైన్ కూడా లీఫ్‌లాగే వీటెప్ (టన్నెల్ కొస) అయిపోతుంది. నాని భయం అక్కడే. స్పైనే కానక్కర్లేదు, బోర్డర్ లీఫ్‌లకి (బయటి నెట్‌వర్క్‌కి కలిపేవాటికి) ఇవ్వండి.

నైట్‌షిఫ్ట్_నాని:
ఎవరికిచ్చినా, రెప్లికేటర్లన్నీ పడిపోతే లీఫ్ మళ్లీ ఇంగ్రెస్‌కే వస్తుందిగా. అంటే 39 కాపీలకి సరిపడా అప్‌లింక్ ఎలాగూ ఉంచుకోవాలి. ఇక మిగిలిందేంటి?

స్నూపింగ్_సుబ్బులు:
అసలు ముగ్గురి కోసం 39 కాపీలెందుకని ఒక్కరూ అడగరేం? ఐజీఎంపీ స్నూపింగ్ (ఏ సర్వర్ ఏ గ్రూప్ అడిగిందో లీఫ్ విని పెట్టుకోవడం) పెట్టి, ఆ సంగతి మిగతా లీఫ్‌లకి చెప్పే టైప్ 6 రూట్లు ఆన్ చేయండి, 2022 నుంచీ ఆర్‌ఎఫ్‌సీ 9251గా ఉన్నదే. కావాలన్న లీఫ్‌లకే వెళ్తుంది, 900 ఎంబీపీఎస్‌తో పోతుంది. 224.0.0తో మొదలయ్యే లోకల్ కంట్రోల్ గ్రూపులు మాత్రం ఎప్పటిలాగే అందరికీ పోతాయి, వాటి బరువెంత లెండి.

లీఫ్_వకీలు:
రేపు అదే స్ట్రీమ్ 35 లీఫ్‌లు అడిగితే?

స్నూపింగ్_సుబ్బులు:
అప్పుడు మీ రెప్లికేటర్ తెచ్చుకుందాం. ఇవాళ అడిగింది ముగ్గురే.

నైట్‌షిఫ్ట్_నాని:
సరే, ముందు టైప్ 6. రెండు రెప్లికేటర్లు కూడా ల్యాబ్‌లో పెట్టి, ఒకదాన్ని ఆపి చూస్తా.

లీఫ్_వకీలు:
రెండూ ఆపండి. ఒకటి ఆపితే రెండోది మోస్తుంది, మీరన్న 39 కాపీలు కనబడవు.