బోర్ కక్ష్యలో ఎలక్ట్రాన్ ఎందుకు పడిపోదు?

ప్రశ్న (ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, తిరుపతి):
నమస్కారం సార్. రూథర్‌ఫర్డ్ నమూనా ప్రకారం కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోతూ చివరికి కేంద్రకంలో పడిపోవాలని, ఆ లోపాన్ని బోర్ సరిదిద్దాడని పాఠంలో ఉంది. అయితే స్థిర కక్ష్యలో ఉన్నంతసేపు ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోదన్న మాటే తప్ప, అందుకు కారణం నాకెక్కడా కనబడలేదు. కారణం చెప్పకుండా లోపం తీరినట్టెలా అవుతుంది?

సమాధానం (విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు):
అమ్మా, నీ సందేహం న్యాయమైనది. 1913లో బోర్ కారణం చెప్పలేదు. అది ఒక ప్రతిపాదన మాత్రమే, పరీక్షలో కూడా ఆ మాటే వాడు. పాత విద్యుదయస్కాంత సిద్ధాంతం ప్రకారం లెక్క కడితే హైడ్రోజన్ ఎలక్ట్రాన్ సెకనులో పదివేల కోట్లవ వంతు కాలంలోనే కేంద్రకాన్ని చేరాలి. అలా జరగడం లేదు కనుక, పరమాణువు లోపల ఆ సిద్ధాంతం వర్తించదని బోర్ తెగించి చెప్పాడు.

ఆ తెగింపును శాస్త్రవేత్తలు పట్టించుకున్నది దాని నుంచి వచ్చిన లెక్క వల్ల. కోణీయ ద్రవ్యవేగం కొన్ని నిర్దిష్ట విలువలనే తీసుకుంటుందని అనుకుంటే, ఎలక్ట్రాన్ ఆవేశం, ద్రవ్యరాశి, ప్లాంక్ స్థిరాంకం అనే తెలిసిన విలువల నుంచే మొదటి కక్ష్య శక్తి మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులని తేలుతుంది. కాగితం మీద నువ్వే చేసి చూడు: ఏ కక్ష్య శక్తి అయినా ఈ మొదటి విలువను కక్ష్య సంఖ్య వర్గంతో భాగిస్తే వస్తుంది కనుక, మూడో కక్ష్య నుంచి రెండో కక్ష్యకు దూకితే వెలువడే శక్తి 13.6ను 1/4, 1/9ల భేదంతో గుణించగా వచ్చే 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు. ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగాల లబ్ధం ఈ ప్రమాణాల్లో సుమారు 1240; దాన్ని ఆ శక్తితో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 656 నానోమీటర్లు. దగ్గరలోని డిగ్రీ కళాశాలలో హైడ్రోజన్ డిశ్చార్జి ట్యూబు ఉంటే, అధ్యాపకుల అనుమతితో స్పెక్ట్రోమీటరులో చూడు. ఎర్రని గీత సరిగ్గా అక్కడే ఉంటుంది, 486 దగ్గర నీలి ఆకుపచ్చ గీత కూడా కనబడుతుంది. 1885 నుంచి బామర్ సూత్రం రూపంలో అందరికీ తెలిసిన ఈ గీతలకు మూలం అప్పటిదాకా ఎవరికీ అంతుపట్టలేదు.

నువ్వడిగిన అసలు కారణం 1926, 1927 సంవత్సరాల్లో ష్రోడింగర్, హైసన్‌బర్గ్‌ల కృషితో దొరికింది. ఎలక్ట్రాన్‌ను ఎంత చిన్న చోటులో బంధిస్తే దాని గతిజశక్తి అంత పెరుగుతుంది. కేంద్రకం ఆకర్షణకు లోబడి అది లోపలికి కుంచించుకుపోతే, స్థితిజశక్తిలో తగ్గే దానికన్నా గతిజశక్తిలో పెరిగేదే ఎక్కువవుతుంది. ఆ రెంటి మొత్తం కనిష్ఠంగా ఉండే స్థితే హైడ్రోజన్ భూస్థితి, అంతకన్నా తక్కువ శక్తి గల స్థితి లేదు కనుక ఎలక్ట్రాన్ పడిపోవడానికి చోటే లేదు. ఈ ముక్క పాఠంలో ఒక్క వాక్యంగానైనా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మరో సభ్యుడు (శ్రీకాళహస్తి):
గురువుగారూ, ఇదే లెక్క హీలియానికి సరిపోతుందా? కర్పరాల్లో 2, 8 అనే సంఖ్యలు కూడా బోర్ లెక్కలోనే వస్తాయా?

సమాధానం:
ఒక్క ఎలక్ట్రానే మిగిలిన హీలియం అయానుకు చక్కగా సరిపోతుందండీ, అక్కడ 13.6కు నాలుగు రెట్లు, అంటే 54.4 వస్తుంది. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం పరమాణువు దగ్గర బోర్ పద్ధతి విఫలమైంది. 2, 8 అనే సంఖ్యలు కూడా ఆ సమీకరణాల్లో పుట్టవు, రసాయన ధర్మాలను చూసి అమర్చుకున్నవే. వాటికి ఆధారం 1925లో పౌలీ వర్జన నియమంతో వచ్చింది: ఎలక్ట్రాన్ స్థితిని తెలిపే నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకటే అయిన ఎలక్ట్రాన్లు ఒకే పరమాణువులో రెండు ఉండవు. వాటిలో మూడు సంఖ్యలు ఆర్బిటాల్‌ను, అంటే ఎలక్ట్రాన్ ఉండే చోటును నిర్ణయిస్తాయి, నాలుగోదైన స్పిన్‌కు రెండే విలువలు; అందువల్ల ఒక ఆర్బిటాల్‌లో రెండే పడతాయి. రెండో కర్పరంలో ఎస్ ఆర్బిటాల్ ఒకటి, పి ఆర్బిటాళ్లు మూడు, మొత్తం నాలుగు కాబట్టి ఎనిమిది.