ఎలక్ట్రాన్ స్పిన్‌ను బొంగరంతో పోల్చడం మానేయాలా?

రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ:
స్పిన్ అంటే ఎలక్ట్రాన్ బొంగరంలా తన చుట్టూ తాను తిరగడమని, కుడివైపు తిరిగితే బాణం పైకి, ఎడమవైపు తిరిగితే కిందికి గీయాలని ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. ఇక చెప్పకూడదనుకుంటున్నాను. 1925లో భౌతికశాస్త్రవేత్తలు ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ స్పిన్‌ను ప్రతిపాదించినప్పుడే లోరెంజ్ అభ్యంతరం తెలిపారు. ఎలక్ట్రాన్‌ను చిన్న బంతి అనుకుంటే, స్పిన్‌కున్నంత కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువుకుండే ఊపు) రావడానికి దాని ఉపరితలం కాంతికంటే ఎన్నో రెట్లు వేగంగా తిరగాలి.

ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, గాజువాక:
మేడమ్ గారూ, బంతి లేకపోవచ్చు గానీ కోణీయ ద్రవ్యవేగం ఉన్నమాట నిజమే కదా. 1915లో ఐన్‌స్టీన్, డి హాస్ వేలాడదీసిన ఇనుప కడ్డీ అయస్కాంత దిశను మార్చినప్పుడు, కడ్డీయే మెలితిరిగింది. దానికి ప్రధాన కారణం స్పిన్నేనని తరవాత తేలింది. పోలికను పూర్తిగా తీసేస్తే పిల్లలకు ఇది ఎలా అర్థమవుతుంది?

రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ:
మీ మాటలో బలముంది. అయితే బొంగరం ఎటైనా వాలుతుంది, క్రమంగా నెమ్మదిస్తుంది. స్పిన్ అలా కాదు. 1922లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అసమ అయస్కాంత క్షేత్రంలోంచి పంపితే, అది పలచగా పరుచుకోకుండా రెండుగా చీలింది. అంటే స్పిన్‌కు రెండే దిశలు, పరికరాలకు పనికొచ్చేది ఆ రెండే. మొన్న ద్వారకానగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నుంచి పాడైపోయిన పాత హార్డ్ డిస్క్ తెచ్చి, తరగతిలో మూత విప్పాను. అద్దంలా మెరిసే పళ్లెం, దాని మీదికి చాచిన చేయి, చేయి కొసన నువ్వుగింజంత ముక్క. ఆ ముక్కలోని రీడ్ హెడ్ (పళ్లెం మీది సమాచారాన్ని చదివే భాగం) పనిచేసేది 1988లో ఫెర్ట్, గ్రూన్‌బర్గ్ బృందాలు విడివిడిగా కనుగొన్న సూత్రం మీదనే (2007లో వారిద్దరికీ నోబెల్ వచ్చింది). రెండు అయస్కాంత పొరల దిశ ఒకటైతే ఒక రకం స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు సులువుగా దాటిపోతాయి, నిరోధం తగ్గుతుంది. ఎదురెదురుగా ఉంటే రెండు రకాలకూ ఏదో ఒక పొరలో అడ్డు తగిలి నిరోధం పెరుగుతుంది. ఆ తేడాను బట్టే హెడ్ సమాచారాన్ని చదువుతుంది. “ఇందులో తిరిగేది ఏది మేడమ్?” అని ఒక అమ్మాయి అడిగింది. పళ్లెం ఒక్కటేనని చెప్పాను.

ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, గాజువాక:
చదవడం వరకు ఒప్పుకుంటాను. రాయడం సంగతి వేరు. 1996లో స్లాన్‌జెవ్‌స్కీ, బెర్జర్ ఊహించినట్టే, నేటి ఎమ్‌రామ్ (అయస్కాంత దిశ రూపంలో సమాచారాన్ని దాచే మెమరీ) చిప్పుల్లో ఒకే దిశ స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల ప్రవాహం తన కోణీయ ద్రవ్యవేగాన్ని పలచని పొరకు అందించి, దాని అయస్కాంత దిశనే తిప్పేస్తుంది. బొంగరాన్ని వదిలేయండి, కానీ “మెలితిప్పడం” అనే మాటను మాత్రం పాఠంలో ఉంచండి.