నాన్న చావు మీద ఓపెన్ మైక్ చేస్తున్నాను. ఒక్క ముక్క దగ్గరే జనం బిగుసుకుపోతున్నారు, అమ్మకి ఇంకా చెప్పలేదు

చిల్లర_లేదు

మా నాన్న ఫిబ్రవరిలో పోయాడు. గుండెపోటు, 64 ఏళ్లు. గుడివాడ డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏడాదిన్నరగా వారానికోసారి ఓపెన్ మైక్‌కి, అంటే కొత్తవాళ్లు స్టేజి ఎక్కి ఐదేసి నిమిషాలు కామెడీ చేసే చోటికి, వెళ్తుంటాను. ఇదివరకు నా ఐదు నిమిషాల్లో పీజీ సాంబారు, మేనేజరు, మెట్రోలో సీటు ఉండేవి. అందరి ఐదు నిమిషాల్లోనూ అవే ఉంటాయి లెండి. నాన్న పోయిన ఐదో వారం మళ్లీ మైకు పట్టుకుంటే సాంబారు గుర్తు రాలేదు. నాన్న గురించి మాట్లాడేశాను. అప్పటి నుంచి తొమ్మిది సార్లు అదే సెట్.

ఏం చెప్తున్నానో రాస్తాను, చూడండి.

మా ఇంట్లో ఏసీ పెట్టించింది నేను. కరెంటు బిల్లు భయంతో నాన్న నాలుగు ఎండాకాలాలు దాన్ని వేయనివ్వలేదు. అక్క పుణె నుంచి వచ్చేదాకా ఆగాలి కాబట్టి పద్నాలుగు గంటలు ఫ్రీజర్ బాక్సులో ఉన్నాడు. మా పెదనాన్న ఏడుస్తూనే వచ్చాడు, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు, "ప్లగ్గు ఎవరి మీటరుకి పెట్టార్రా?" అన్నాడు. దీనికి బాగా నవ్వుతారు.

రెండోది చిల్లర. చిల్లర లేకపోతే కండక్టర్లు టికెట్ వెనక బాకీ రాసిస్తారు కదా, నాన్న ఇంట్లో కూడా అంతే. చిన్నప్పుడు నేను పది అడిగితే ఆరిచ్చి, పాత టికెట్ వెనక "4" అని రాసి సంతకం పెట్టేవాడు. పోయిన రోజు చొక్కా జేబులో ఒక టికెట్ దొరికింది. వెనక "7" అని ఉంది. ఎవరికి బాకీయో తెలీదు. దినం భోజనాలకి రెండొందల మంది వచ్చారు, ప్రతి ఒక్కరినీ అనుమానంగా చూశాను. కొందరు రెండోసారి పెరుగు వేయించుకుంటుంటే, వీడే ఏడు రూపాయలకి తింటున్నాడు అనుకున్నాను.

మూడోది కాకి. కాలువ గట్టు మీద పిండం పెట్టాం. అరగంటైనా కాకి రాలేదు. "ఏదో కోరిక మిగిలిపోయింది" అన్నారు అందరూ. అని, అందరూ నా వైపు చూశారు. నాకు 31, పెళ్లి కాలేదు. ఎండ మండిపోతోంది. చేసేది లేక "సరే నాన్నా, చేసుకుంటాను" అని గట్టిగా అన్నాను. వెంటనే కాకి వాలింది. నలభై మంది సాక్షులు. ఇప్పుడు ఏ సంబంధం వద్దన్నా "కాకికి మాటిచ్చావు" అంటున్నారు.

ఇవన్నీ నడుస్తాయి. నడవనిది చివరి ముక్క. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

బంటుమిల్లి సర్వీసు మీద నాన్నతో చాలా ఏళ్లు డ్యూటీ చేసిన డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. మేం డ్రైవర్ బాబాయ్ అంటాం. పాడె భుజాన పెట్టుకున్నాం, ముందు ఎడమ పక్క ఆయన. ఎవరో ఒకరు కదలమనాలి, ఎవరూ అనడం లేదు. అప్పుడు ఆయన వెదురు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, మెల్లిగా "రైట్... రైట్" అన్నాడు. నాలుగడుగులు వేశాక, "ఎప్పుడూ ఆయన అనేవాడు, నేను తీసేవాణ్ణి" అన్నాడు. మోస్తున్న మాకు నలుగురికీ నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వాం. పాడె ఊగింది.

ఇది చెప్తే హాల్లో ఎవరూ కదలరు. తొమ్మిదిసార్లూ అంతే. గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా వినిపిస్తుంది. నేను "థాంక్యూ" అని దిగిపోతాను.

ఇంకో సంగతి. కాకి ముక్క నలభై సెకన్లు ఎవరో రీల్ పెట్టారు. మా పెదనాన్న కొడుకు చూసి ఫోన్ చేశాడు. "ఏడాది సూతకం, గుడికే వెళ్లకూడదు, నువ్వు స్టేజీలెక్కి బాబాయిని అమ్ముకుంటున్నావా?" అన్నాడు. అమ్మ ఇంకా చూడలేదు. ఇవాళో రేపో ఆ రీల్ ఆమె ఫోన్‌కి చేరుతుంది.

చివరి ముక్క ఎందుకు పేలడం లేదు? అమ్మకి ఎలా చెప్పాలి? ఇంకొకటి, ఓపెన్ మైక్ చేసిన రాత్రి నిద్ర పడుతుంది. మిగతా ఆరు రాత్రులు పట్టదు. అందుకే మానలేకపోతున్నాను.

ఐదు_నిమిషాలు

తమ్ముడూ, ఆరేళ్లుగా ఓపెన్ మైక్‌లు హోస్ట్ చేస్తున్నాను. సెట్‌లో సరుకుంది. వరస తప్పు.

నువ్వు ఎలా మొదలెడతావో రాయలేదు కానీ నేను ఊహించగలను. "మూడు నెలల కింద మా నాన్న పోయాడు" అని. అవునా? ఆ మాట అనగానే హాల్లో ముప్పై మందీ పరామర్శకి వచ్చినవాళ్లైపోతారు. మొహాలు సర్దుకుంటారు. ఆ తర్వాత ఏసీ జోకుకి నవ్వేది సగం మర్యాద కోసం. అసలు మీ నాన్న ఎవరో వాళ్లకి తెలీదు. తెలీని మనిషి పోతే జాలి పడతారు, అంతే.

అమెరికా కమెడియన్ టిగ్ నొటారో సంగతి చెప్తారు చాలామంది. 2012 ఆగస్టు 3న లాస్ ఏంజెలిస్‌లో లార్గో అనే క్లబ్బులో స్టేజి ఎక్కుతూనే నమస్కారం, నాకు క్యాన్సర్ అని మొదలెట్టింది. క్యాన్సరని తెలిసి అప్పటికి కొన్ని రోజులే. అదే ఏడాది తల్లి కూడా పోయింది. జనంలో ఎవరో అయ్యో అంటే, ఆమే వాళ్లని ఓదార్చింది. మధ్యలో ఆగి, పోనీ నా మామూలు జోకులు చెప్పనా అని అడిగితే వద్దు వద్దని అరిచారు. మన కుర్రాళ్లు అది విని మొదటి లైనులోనే చావు చెప్పేస్తున్నారు. ఆ హాలు ఆమెకి అలవాటైన హాలు. అక్కడివాళ్లకి ఆమె ఎవరో తెలుసు. నువ్వు వాళ్లకి మూడో నంబరు కుర్రాడివి, నీ తర్వాత ఇంకో పదకొండు మంది ఉన్నారు.

పాటన్ ఆస్వాల్ట్ అని ఇంకో అమెరికా కమెడియన్ దీనికి తిరగేసి చేశాడు. 2016 ఏప్రిల్‌లో భార్య నిద్రలో పోయింది. మరుసటి ఏడాది వచ్చిన స్పెషల్‌లో, అంటే రికార్డు చేసిన పూర్తి షోలో, ముందు చాలాసేపు రాజకీయాలు, ముందు వరసలో కూర్చున్నవాళ్లతో మాటలు. భార్య సంగతి ఆ తర్వాతే. నీకు ఈ దారే నయం.

నువ్వు చేయాల్సింది ఇది. మొదటి రెండు నిమిషాలు నాన్నని బతికించు. చిల్లర ముక్క ముందు పెట్టు, కానీ జేబులో దొరికిన టికెట్ సంగతి అప్పుడే చెప్పకు. అన్నిటికంటే ముఖ్యం, "రైట్ రైట్" అనే మాట మూడుసార్లు నాన్న నోట పలికించు. ఇంట్లో కూడా అనేవాడా? అనే ఉంటాడు. అక్కకి జడ వేయడం అయిపోతే రైట్ రైట్. నువ్వు లెక్క పూర్తి చేస్తే రైట్ రైట్. మూడోసారికి జనం నవ్వుతారు. ఆ తర్వాతే ఆ మాట డ్రైవర్ బాబాయ్ నోట రావాలి. ఇప్పుడు నువ్వు చేస్తున్నదేంటంటే, ఎప్పుడూ వినని మాటని చివర్లో ఒక్కసారి పడేసి, పడలేదంటున్నావు.

ఒకటి అడుగుతాను, ఇది ఇంగ్లిష్‌లో చేస్తున్నావా? జూబ్లీహిల్స్ కెఫేల్లో అయితే అదే అయ్యుంటుంది. "దినం", "సూతకం", "పిండం" అన్నీ విడమర్చి చెప్పేసరికి ఐదు నిమిషాలైపోతాయి, దిగమని లైటు పడుతుంది. తెలుగులో చెయ్. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట ఒకసారి ప్రయత్నించు. బస్సు ఎక్కిన జనం ఉంటారు.

ఇంకో చిన్న మాట. ఆ ముక్క అయ్యాక నవ్వు కోసం ఆగకు. నవ్వకపోయినా అది పడినట్టే.

పరామర్శ

నాకు నచ్చలేదు. ఇంట్లో నలుగురూ కూర్చుని తలుచుకుని నవ్వుకుంటే అదొక తీరు. కాఫీ తాగడానికొచ్చిన తెలీని వాళ్ల ముందు తండ్రి పాడె సంగతి చెప్పి, నవ్వలేదేంటని బాధపడటం ఇంకో తీరు. మీ అన్న కోపంలో న్యాయముంది.

కేతిగాడి_మనవడు

పరామర్శ గారూ, మాది ధర్మవరం పక్కన. నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూస్తూ పెరిగినవాణ్ణి. యుద్ధంలో కొడుకు పోయి తల్లి బొమ్మ గుండెలు బాదుకుంటుంటే, ఆ వెంటనే తెర మీదికి కేతిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు దూకుతారు. వాళ్లు మాట్లాడేది ఇక్కడ రాయలేను. జనం పొట్ట పట్టుకుని నవ్వి, మళ్లీ ఏడుపులోకి వెళ్తారు. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఎందుకు ఉంటాడనుకున్నారు? తెలంగాణలో పెద్దవాళ్లు పోతే డప్పు కొట్టుకుంటూ, ఆడుకుంటూ తీసుకెళ్తారు. తెలీని జనం ముందు చావులో నవ్వడం మైకుతో పాటు వచ్చిందేం కాదు.

చిల్లర_లేదు, కాకికి మాటిచ్చావు, సంబంధాలు చూడటం మొదలెట్టు.

పాత_టీచర్

బాబూ, నేను నీ పక్షమో మీ అన్న పక్షమో నాకే తెలీదు. నాది మీ అమ్మ పక్షం.

మావారు పోయి ఆరేళ్లు. మూడో రోజు మా ఆడపడుచు, నేను వంటింట్లో ఉన్నాం. ఆయన కళ్లజోడు ఫ్రిజ్‌లో, గుడ్ల అరలో కనిపించింది. ఎప్పుడూ అది ఎక్కడ పెట్టాడో మరిచిపోయి మా అందరి మీదా అరిచేవాడు. ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. చప్పున తలుపు వేసుకున్నాం. బయట ముందుగదిలో చాప మీద ముప్పై మంది. మొగుడు పోయిన మూడో రోజు నవ్విన ఆడదాన్ని ఏమంటారో నీకు తెలుసా? నువ్వు నవ్విస్తే ధైర్యమంటారు, రీల్ చేస్తారు. మీ అమ్మ నవ్వితే ఊరు మరిచిపోదు. అందుకని ఆమె నవ్వకపోతే నీ జోకు నచ్చలేదని అనుకోకు.

ఎలా చెప్పాలంటావా, రీల్ చూపించకు. అందులో నవ్వే గొంతులు ముందు వినపడతాయి, నీ మాట తర్వాత. నువ్వు ఊరు వెళ్లి, ఆమె ఏదో పని చేసుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని చెప్పు. ఫోన్‌లో వద్దు. ఏ ముక్కన్నా తీసెయ్యమంటే తీసెయ్. బేరమాడకు. ఆయన నీకు నాన్నే, కానీ ఆమెకి ముప్పై ఏళ్ల పైన కాపురం.

గదిలో_రెండు_కుర్చీలు

నేను కౌన్సెలర్‌ని. రెండు సంగతులు చెప్పి పోతాను.

1997లో డాచర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే ఇద్దరు సైకాలజిస్టులు, భార్యో భర్తో పోయి ఆరు నెలలైన వాళ్లని కూర్చోబెట్టి పోయినవాళ్ల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడుతూ మర్యాదకి కాకుండా నిజంగా నవ్వినవాళ్లలో, అంటే కళ్ల చుట్టూ ముడతలు పడేలా నవ్వినవాళ్లలో, కోపం, వేదన తక్కువగా కనిపించాయి. నవ్వడం వల్ల బాధ తగ్గిందా, బాధ తగ్గినవాళ్లే నవ్వగలిగారా అనేది ఆ ఒక్క అధ్యయనంతో తేలదు. కానీ నవ్వు అంటే బాధని తప్పించుకోవడమే అనే పాత నమ్మకానికి అది దెబ్బే.

ఇంకొకటి, మీరు ఐదో వారం అన్నారని గుర్తొచ్చింది. 2012లో అమెరికాలో శాండీ తుఫాను వచ్చాక, దాని మీది జోకులు జనానికి ఎప్పుడు బాగా నవ్వు తెప్పించాయో కొందరు కొలిచారు. తుఫాను తర్వాత 36వ రోజు దగ్గర ఎక్కువ నవ్వారు, ఆ తర్వాత తగ్గింది. అది దూరం నుంచి చూసేవాళ్ల లెక్క, తండ్రి పోయిన కొడుకుది కాదు. మీరు తారీకులు చూసుకుని కూర్చోకండి.

నాకు టెన్షన్ పెట్టింది మీ ఆఖరి వాక్యం. వారంలో ఆరు రాత్రులు నిద్ర లేకపోవడం జోకుల సమస్య కాదు. ఓపెన్ మైక్ నిద్రమాత్ర అవుతోంది, దాని ధర రోజురోజుకీ పెరుగుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. లేదా దగ్గర్లో డాక్టరుని కలవండి. స్టేజి మానమనడం లేదు.

చిల్లర_లేదు

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, ఊళ్లో ఉన్నాను.

ఐదు_నిమిషాలు అన్నా, ఇంగ్లిష్‌లోనే చేస్తున్నాను. పిండాన్ని "రైస్ బాల్" అంటున్నాను. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది. ఇంట్లో రైట్ రైట్ అనేవాడా అని అడిగావు. భోజనం అయ్యాక కంచం మీద రెండుసార్లు కొట్టి అనేవాడు. ఇన్నాళ్లూ అది నాకు గుర్తే రాలేదు.

14416కి చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను.

అమ్మకి నిన్న సాయంత్రం చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మొత్తం సెట్ తెలుగులో, కింద కూర్చుని, మైకు లేకుండా. పెదనాన్న మీటరు దగ్గర మొహం తిప్పుకుంది, నవ్విందో ఏమో చూడలేదు. ఏడు రూపాయలది విని, అది పాలవాడికి ఇవ్వాల్సింది, నేనిచ్చేశాను అంది. కాకి దగ్గర "అది మాత్రం నిజమే కదా, మరి ఎప్పుడు?" అంది. నేను తొందరగా తర్వాతి ముక్కకి వెళ్లిపోయాను.

డ్రైవర్ బాబాయ్ ముక్క చెప్తుంటే గొంతు ఆగిపోయింది. స్టేజి మీద ఒక్కసారీ అలా అవ్వలేదు. అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి, "నేను గేటు దగ్గరే ఉన్నా కదా, విన్నాను. నాకూ నవ్వొచ్చింది. ఎవరన్నా చూస్తారని కొంగు అడ్డం పెట్టుకున్నాను" అంది.

టీచర్ గారూ, మీ మాట గుర్తొచ్చింది. ఏమన్నా తీసెయ్యమంటావా అని అడిగాను. ఆలోచించి, ఒకటి తప్పు చెప్తున్నావు అంది. బాబాయ్‌తో చేసింది బంటుమిల్లి సర్వీసు కాదట, కైకలూరు సర్వీసట. బంటుమిల్లి వేరే డ్రైవరట, ఆయనకీ నాన్నకీ అసలు పడేది కాదట.