కోవిడ్ డ్యూటీలతో ఆగిన పరిశోధన: కె23 గ్రాంట్ ఉన్న యువ డాక్టర్లకు విభాగం ఏం చేయాలి?

ప్రశ్న (వార్డు_ల్యాబు):
యువ వైద్యులు పరిశోధకులుగా ఎదగడానికి ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చే కె08, కె23 గ్రాంట్లకు మామూలుగా 75 శాతం సమయం పరిశోధనకే ఉండాలి. అదనపు వార్డు డ్యూటీలతో అది మిగలట్లేదు. అధ్యయనంలోకి రోగుల నమోదు ఆగింది. టెన్యూర్ (శాశ్వత అధ్యాపక ఉద్యోగం) గడువు ఒక ఏడాది పెంచితే చాలా?

పిపెట్_పట్టినచేయి:
చాలదు. ఖర్చు లేని పని కాబట్టి అందరూ ముందు అదే చేస్తారు. చేతికింద మనిషి లేకపోతే ఆ ఏడాది కూడా వార్డుకే పోతుంది. పైగా ప్రమోషన్, జీతం వెనక్కి జరుగుతాయి.

గడువు అందరికీ అడగకుండానే ఇచ్చి, అక్కర్లేనివాళ్లు వదులుకునేలా పెట్టండి. అడిగి తీసుకోమంటే మొహమాటపడతారు. టెన్యూర్ కోసం మీ పనిని అంచనా వేసే బయటి సమీక్షకులకు రాసే లేఖలో ‘అదనపు ఏడాదికి అదనపు పేపర్లు లెక్కించవద్దు’ అని ఉండి తీరాలి. లేదంటే ఆరేళ్ల పనిని ఏడేళ్లతో భాగించేస్తారు.

డబ్బుంటే రీసెర్చ్ కోఆర్డినేటర్‌నో (అధ్యయనం పనులు చూసే మనిషి), స్టాటిస్టీషియన్‌నో సగం రోజైనా ఇప్పించండి. అమెరికాలోని డోరిస్ డ్యూక్ ఫౌండేషన్ 2015లో ఇంటి బాధ్యతలున్న వైద్య పరిశోధకులకు మొదలుపెట్టిన సాయం ఈ తరహాదే. 2021లో ఇతర సంస్థలతో కలిసి కోవిడ్ కోసం 22 మెడికల్ స్కూళ్లకు నిధులిచ్చింది.

గ్రాంట్_గుమాస్తా:
కాగితం పని కూడా చూసుకోండి. పరిశోధన సమయం 75 శాతం కంటే తగ్గబోతోందని తెలిసిన రోజే ఎన్‌ఐహెచ్‌లో మీ గ్రాంట్ చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు రాయాలి, తగ్గాక కాదు. లెక్క పర్సన్-మంత్స్‌లో (ఒక మనిషి పూర్తి సమయం చేసే నెల పని) చెప్పండి: 3 నెలలు 75 శాతం నుంచి 25 శాతానికి పడిపోతే పోయింది 1.5 పర్సన్-మంత్స్. డ్యూటీ రోస్టర్ జతచేయండి.

నో-కాస్ట్ ఎక్స్‌టెన్షన్‌తో (కొత్త డబ్బు లేకుండా గ్రాంట్ పొడిగింపు) వచ్చేది గడువే, జీతం కాదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 2021 ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ ఎఫ్ (ఫెలోషిప్), కె గ్రాంట్లవాళ్లు నిధులతో కూడిన పొడిగింపు అడిగే వీలు కల్పించింది. ఎర్లీ స్టేజ్ ఇన్వెస్టిగేటర్ (కెరీర్ తొలి దశలో ఉన్న పరిశోధకులు) హోదాకున్న 10 ఏళ్ల పరిమితిని పెంచమని విడిగా అడగాలి. ప్రసవానికైతే ఒక ఏడాది ఇస్తారు.

వార్డు_ల్యాబు:
ల్యాబ్ వారంలో మూసేయమంటే?

పిపెట్_పట్టినచేయి:
సెల్స్‌ను 10 శాతం డీఎంఎస్‌ఓలో (గడ్డకట్టేటప్పుడు సెల్స్‌ను కాపాడే ద్రావణి) నిమిషానికి 1 డిగ్రీ సెల్సియస్ చొప్పున చల్లబరిచి లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టండి. ఒక వయల్ (చిన్న సీసా) కరిగించి, బతికాయని చూశాకే కల్చర్ ఆపండి. వయల్స్ రెండు ట్యాంకుల్లో ఉంచండి.

రోగుల అధ్యయనమైతే ఫోన్ విజిట్లకు, ఆన్‌లైన్ సమ్మతికి ఐఆర్‌బీకి (పరిశోధనలో రోగుల భద్రత చూసే కమిటీ) సవరణ దరఖాస్తు వేయండి. తక్షణ ప్రమాదం తప్పించే మార్పైతే ముందు చేసి, తర్వాత తెలపవచ్చు. తప్పిన ప్రతి విజిట్ పక్కన కారణం కోవిడా, కాదా అన్న కాలమ్ ఇప్పుడే పెట్టండి. ఏడాది తర్వాత మిస్సింగ్ డేటాకు కారణాలు గుర్తుచేసుకోవడం ఎవరి వల్లా కాదు.