క్రైస్తవ మౌన ప్రార్థనకూ ధ్యానానికీ అసలు తేడా ఎక్కడుంది?

పెద్దలందరికీ వందనాలు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా తెలుగు ప్రార్థనా కూటంలోని యువకులు కొందరు మాటలు లేకుండా దేవుని సన్నిధిలో కూర్చునే మౌన ప్రార్థన నేర్చుకోవాలని కోరగా, అది యోగుల ధ్యానమేనని పెద్దవారు అభ్యంతరం చెప్పారు. ఇరువైపులవారూ నాకు ఆప్తులే.

పతంజలి యోగాన్ని చిత్తవృత్తుల నిరోధంగా, అంటే మనసు కదలికలను నిలపడంగా, నిర్వచించాడు. బౌద్ధుల విపశ్యనలో శరీరంలోని అనుభూతులను గమనిస్తూ వాటి అనిత్యతను గ్రహిస్తారు. 1970లలో అమెరికాలోని ట్రాపిస్టు (ఒక కాథలిక్ మఠ సంప్రదాయం) సన్యాసులు రూపొందించిన పద్ధతిలో మాత్రం, ఆలోచనలు తమవైపు లాగినప్పుడల్లా సాధకుడు తాను ఎంచుకున్న ఒక పవిత్ర పదంవైపు మెల్లగా మరలుతాడు. ఆ పదం ఏకాగ్రతకు సాధనం కాదు, దేవుని సన్నిధికీ ఆయన కార్యానికీ మనసారా ఇచ్చే సమ్మతికి గుర్తు. నా దృష్టిలో ఇదే ముఖ్యమైన తేడా, ఎందుకంటే వినే దేవుడు ఉన్నాడన్న నమ్మకం లేనిదే దానిని ప్రార్థన అనలేము.

అయితే మా చుట్టూ జగన్నాథుని నామజపం చేసేవారు కూడా ఎదుట దైవం ఉన్నాడనే జపిస్తారు కదా! పైగా బెనెడిక్టైన్ అనే మరో కాథలిక్ మఠ సంప్రదాయానికి చెందిన సన్యాసి జాన్ మెయిన్, ఒక పదాన్ని జపిస్తూ చేసే తన ధ్యాన పద్ధతిని మొదట మలయాలో (నేటి మలేషియాలో) ఒక హిందూ స్వామి వద్ద నేర్చుకున్నాడు. ఇతర మతాల పద్ధతులను పూర్తిగా తిరస్కరించనవసరం లేదని, కానీ క్రైస్తవ ప్రార్థన స్వరూపం మరుగున పడరాదని 1989లో వాటికన్ లేఖ హెచ్చరించింది. ఆ హద్దును ఆచరణలో ఎలా గుర్తిస్తారు? మౌన ప్రార్థననూ ధ్యానాన్నీ సాధన చేసినవారు దయచేసి వివరించండి. కొత్తవారు బైబిలు వాక్యాన్ని నెమ్మదిగా చదివి, మననం చేసి, ఆ తరువాతే మౌనంలోకి వెళ్లడం మేలా?